మెడ దగ్గర చప్పుడు

టిక్ అంది. ఇష్బెల్ బీటీ ఊపిరి బిగబట్టి, కర్రని నేలకి ఆననివ్వకుండా పట్టుకుని, మణికట్లు మాత్రమే కదిలేలా మళ్ళీ ఒకసారి అటూ ఇటూ ఆడించింది. టిక్. గోరుతో గోరు గిల్లినంత చప్పుడు. గదిలో ఇంకెవరూ లేరు కాబట్టి వినబడింది గాని, బయట ఆ జనంలో, ఆ గాలిలో, ఆ సముద్రపు హోరులో ఎవరికి వినబడుతుంది? ఎవరికీ వినబడదు. ఈ లోకంలో ఈ సంగతి తెలిసింది ప్రస్తుతానికి ఆమె ఒక్కదానికే. బట్టలు మార్చుకునే గది ఇది. చెక్కబల్ల మీద, కిటికీలోంచి పడే ఏప్రిల్ ఎండలో, ఇంకో కర్ర పడుకుని ఉంది. అది పెద్ద కంపెనీ పేరున్న కర్ర, దిగిపోతున్న కెప్టెను కానుకగా ఇచ్చింది. చేతిలోది నకలు, అన్న ముంగో తన షెడ్డులో అతికించి, పొద్దున్నే గిన్నెలు తుడిచే గుడ్డలో పసిబిడ్డని చుట్టినట్టు చుట్టి తెచ్చిచ్చింది. గోడ మీద గడియారం పదకొండు చూపిస్తోంది. పన్నెండింటికి ఆమె బయటికి వెళ్ళి, ఊరంతా చూస్తుండగా, ఇన్వర్‌కెల్లీ గోల్ఫ్ క్లబ్బు కొత్త కెప్టెనుగా తొలి దెబ్బ కొట్టాలి. ఒకే ఒక్క దెబ్బ. అది కొడితేనే కెప్టెను, అప్పటిదాకా కాగితం మీద పేరు మాత్రమే. ఆ దెబ్బ ఏ కర్రతో కొట్టాలన్నది ఈ పొద్దుటిదాకా ప్రశ్నే కాదు.

గోల్ఫ్ కర్రకి మనిషికున్నట్టే తలా మెడా ఉంటాయి. కాడ సన్నగా పొడుగ్గా వచ్చి మెడలో దూరుతుంది, ఆ దూరిన అంగుళానికి జిగురే దిక్కు. జిగురు పట్టిందా, తలా కాడా ఒకే ఎముక. పట్టలేదా, ఇదిగో, ఇలా గొణుగుతుంది. పది దెబ్బలకో, మూడు దెబ్బలకో, ఒక్కోసారి మొదటి దెబ్బకే తల ఊడిపోయి బంతి వెనకాల తనూ బయల్దేరుతుంది. ఆమె చిన్నప్పుడు పక్క ఊరి మనిషి ఒకడికి ఈ మైదానంలోనే అలా అయింది. బంతి దొరికింది గాని కర్ర తల మాత్రం ముళ్ళపొదల్లో పడి మూడు రోజులు దొరకలేదు, ఆ మనిషికి తలకాయ అనే పేరు స్థిరపడిపోయింది, అతని పెళ్ళిలో కూడా వెనక వరసలోంచి ఎవడో ‘తలకాయ జాగ్రత్తమ్మా’ అని పెళ్ళికూతుర్ని హెచ్చరించాడు. రేవు వాళ్ళ నోళ్ళు అలాంటివి. కాని అది ఎవరో ఎక్కడో చేసిన కర్ర. ముంగో చేతి కర్రకి ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తల ఊడలేదు. పొగగూళ్ళలో చేపలకి పొగబెట్టే ఆడవాళ్ళు, వలలు కుట్టేవాళ్ళు, బడిలో వంటచేసేవాళ్ళు, పడవ ఇంజన్లు బాగుచేసేవాళ్ళు, రేవు వైపు గోల్ఫ్ ఆడే ప్రతి ఒక్కరి సంచిలోనూ ముంగో కర్రలే. పేరున్న దాన్ని అచ్చం పోలిన తల ఏ దేశంనుంచో పెట్టెల్లో తెప్పిస్తాడు, కాడలు వేరే తెప్పిస్తాడు, మనిషిని తన ముందు నిలబెట్టి చేతులు ఎంత పొడుగో, నడుం ఎంత తిరుగుతుందో, కోపం ఎంతుందో కూడా చూసి కోసి అతికిస్తాడు. ‘కోపమెందుకు చూడ్డం?’ అని అడిగిందొకసారి. ‘కోపమున్నవాళ్ళకి కాడ గట్టిది వెయ్యాలి. నీకు ఇనపగొట్టం వెయ్యాలి’ అన్నాడు.

కిటికీ దగ్గరికి నడిచింది. మైదానం మొత్తం పచ్చగా, గుంటలు గుంటలుగా, పడుకున్న పశువుల వీపుల్లాగా సముద్రందాకా పోయింది. దిబ్బల మీద ముళ్ళపొదలు విరగబూశాయి, ఆ పసుపు ఎంత పసుపంటే కళ్ళు మూసుకున్నా రెప్పల లోపల కనిపిస్తుంది, కిటికీ సందులోంచి వచ్చే గాలిలో దాని కొబ్బరి మిఠాయి వాసన, దాని వెనకాల ఉప్పు, దాని వెనకాల పొగగూళ్ళ చెక్కపొగ, ఆ చివరి వాసన గాలిదో తన వేళ్ళదో ఆమెకి ఏనాడూ తేలలేదు, ముప్ఫై నాలుగేళ్ళు రెండేసి చేపల్ని తోకల దగ్గర జతకట్టి కర్రలకి వేలాడదీసిన వేళ్ళు. అరవై ఒక్క సంవత్సరాలుగా ఈ మైదానాన్ని చూస్తోంది, ఇవాళ ఎందుకో మొదటిసారి చూసినట్టుంది. మనిషి వేసిన గడ్డి కాదిది, గాలి వేసింది, గొర్రెలు కొరికి చదును చేశాయి, ఎవరో ఒక కర్రతో ఒక రాయిని కొట్టి నవ్వుకున్నాడు, అంతే, అక్కణ్ణుంచి ఇన్ని తరాలు. జనం తెల్లతాళ్ళకి రెండువైపులా నిలబడ్డారు. ఆ జనాన్ని దాటి, చాలా దూరంగా, మైదానం మధ్యలో నలుగురైదుగురు ముసలివాళ్ళు చుక్కల్లా కదులుతున్నారు. బంతి పట్టేవాళ్ళు. కెప్టెను తొలిబంతి ఎవరు అందుకుంటే వాళ్ళకి కెప్టెను చేతిమీదుగా ఒక విస్కీ సీసా, అది ఆచారం. వాళ్ళు ఎంత దూరంలో నిలబడతారన్నదే అసలు సంగతి. దగ్గరగా నిలబడ్డారంటే కెప్టెను భుజం మీద వాళ్ళకున్న నమ్మకం అంతేనని ఊరికి చాటినట్టు. ఇప్పుడు దిగిపోతున్న కెప్టెను లోగీ గారు, డబ్బున్నవాళ్ళుండే పైవీధి వకీలు, ఆయన తొలి దెబ్బనాడు వీళ్ళు ఎంత దగ్గరగా నిలబడ్డారంటే ఆయనతో వాతావరణం గురించి మాట్లాడారు. ఆయనకి అవమానం అర్థం కాలేదు, మర్యాదస్తులనుకున్నాడు. మరి ఇవాళ చుక్కలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఒక్కొక్క అడుగూ ఆమె ఛాతీ మీద పడుతోంది. ఆగండయ్యా, చాలు, అనుకుంది. ఆగలేదు.

తలుపు తోసుకుని నెట్టా వచ్చింది, చేతిలో టీ కప్పు, కప్పులో సగం టీ, మిగతా సగం సాసర్లో. పొగగూటిలో ఇరవయ్యేళ్ళు పక్కపక్కనే నిలబడ్డ మనిషి.

“చూశావా, రెండో ఇసక గుంట కూడా దాటేశారే! మా ఆయన అంటున్నాడు, ఇంకో నాలుగడుగులేస్తే నార్వేలో తేలతారట.”

“ఎవరు చెప్పారు వాళ్ళకి అంత దూరం వెళ్ళమని?”

“ఇంకెవరు, మీ అన్న. తెల్లారినప్పణ్ణుంచి ఒకటే పాట. ఇలాంటి కర్ర నా జన్మలో చెయ్యలేదు, ఇలాంటి కర్ర నా జన్మలో చెయ్యలేదు. లోగీ గారి ముందుకే వెళ్ళి అన్నాడు, ‘అయ్యా, మీరిచ్చిన కర్ర గోడకి తగిలించుకోడానికి బాగుంటుంది’ అని. ఆయన మొహం చూడాల్సింది, ఉప్పు ఎక్కువైన చేప తిన్నట్టు పెట్టాడు.” నెట్టా బల్ల మీదున్న పేరున్న కర్ర కేసి చూసి మూతి తిప్పింది. “అబ్బో. ముట్టుకుంటే మాసిపోతుందేమో. దీనికి పెట్టే డబ్బుతో మా ఆయన పడవకి ఇంజనొస్తుంది. ఏమే, మొహం అలా ఉందేం? భయమేస్తోందా?”

“కొంచెం.”

“టీ తాగు. మా ఆయన కర్ర కూడా అదే రోజు అతికించాడట మీ అన్న, నీ దాంతో పాటే. వచ్చే శనివారం పోటీకి దిగుతాడు, ఇంట్లో అద్దం ముందు నిలబడి ఇప్పటికే గెలిచేశాడు.”

ఇష్బెల్ నోరు తెరిచింది. నెట్టాతో చెప్పడమంటే లైఫ్‌బోటు సైరను మోగించడం. మూసుకుంది. నెట్టా వెళ్ళిపోయాక సాసర్లో టీ కూడా తాగింది.

అదే రోజు అతికించాడట. అంటే రెండు. అంటే నెట్టా మొగుడు పడవలు ఈడ్చే ఆ భుజాలతో వచ్చే శనివారం కర్ర తిప్పుతాడు, వెనకాల ఎవరు నిలబడి ఉంటే వాళ్ళ ఖర్మ. ఆమె కర్రని బల్ల మీద పెట్టింది, పేరున్న దాన్ని పక్కన. రెండూ ఒకే పోలిక, ఒకే నలుపు, ఒకే వంపు. అక్కాచెల్లెళ్ళలా కూడా కాదు, ఒకే మనిషి అద్దంలో చూసుకుంటున్నట్టు. తేడా అడుగున ఉంది, ఒకదానికి ఆ పేరు చెక్కి ఉంది, రెండోదానికి ఆ పేరుండే చోట నున్నగా ఉంది. పేరున్న దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇందాక స్ట్రువన్, క్లబ్బులో ఆట నేర్పే కుర్రాడు, చిన్నగొంతుతో అన్నాడు, “దీంతో తప్పు కొట్టడం కూడా కష్టమండీ.” పొగరుగా అనలేదు, ఆశ్చర్యంగా అన్నాడు. ఆమె గోటితో దాని తల మీద తట్టింది. మోగింది. మోగి ఆగలేదు. సన్నటి దారంలా సాగి సాగి, కాడలోకి పాకి, పిడిలోకి, ఆమె అరచేతిలోకి, ముంజేతిలోకి వచ్చి ఎక్కడో మోచేతి దగ్గర మెల్లగా ఇంకిపోయింది. ఇలాంటిది ఎవరు చేశారు? లోహాన్ని కోడిగుడ్డు పెంకంత పలచగా పోసి, అది పగలకుండా, ఆ దెబ్బకి వంగి మళ్ళీ లేచేలా చేసిన ఆ చేతులెవరివి? ఎంతమంది ఎన్నేళ్ళు తల పట్టుకుని కూర్చుంటే ఇంత పొందిక వస్తుంది? కోపమొచ్చింది ఆమెకి, ఇంత బాగున్నందుకు. బాగులేకపోతే ఈ గంట ఎంత తేలిగ్గా గడిచేదో. ముంగో అంటుంటాడు, పోత ఒకటే నిప్పు ఒకటేనే, ఈ తలలు పోతపోసే ఊళ్ళో పొద్దున పేరున్న దానికి పోస్తారు, మధ్యాహ్నం పేరులేని దానికి పోస్తారు, మధ్యలో మారేది కడుపులో భోజనమొక్కటే. కావచ్చు. ఏదో దూరదేశంలో ఒక ఆడమనిషి, తనలాగే నిలువుకాళ్ళ మీద ముప్ఫై నాలుగేళ్ళు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, ఎర్రటి ద్రవం గరిటెతో వంచుతూ ఉంటుంది, ఇది పేరున్నది, ఇది లేనిది అని ఆమెకి ఎవరూ చెప్పరు, చెప్పినా ఆమె చెయ్యి తేడా చూపించదు. తను చేపలు జతకట్టేటప్పుడు ఏ చేప ఏ గొప్పింటి బల్ల మీదికి పోతుందో ఆలోచించిందా? ముడి ముడే. ఇద్దరం ఒకే పని చేశామమ్మా, అనుకుంది ఆ మనిషితో. నీ తప్పేం లేదు. తల బాగుంది. తప్పు మెడలో ఉంది. మెడ పని మా ఇంట్లో జరిగింది.

ఎలా జరిగింది? ముంగో తొందరపడే మనిషి కాదు. జిగురు రెండు గొట్టాల్లోంచి సరిసమానంగా పిండి, పాత రొట్టెల కత్తితో కలిపి, మెడలో పోసి, కాడ దింపి, తిప్పి, నిలబెట్టి, ఒక రాత్రీ ఒక పగలూ ముట్టుకోడు. చలి ఎక్కువగా ఉంటే రెండు పగళ్ళు. తర్వాత చూస్తాడు. ఎలా చూస్తాడంటే, పిడి తొడగక ముందు కాడ కొసని పళ్ళమధ్య కరిచి పట్టుకుని, కళ్ళు మూసుకుని, చెంచా కాడతో తల మీద తడతాడు. మొదటిసారి అలా చూసినప్పుడు ఆమె గుమ్మంలో నిలబడి పగలబడి నవ్వింది. ‘ఏం ముంగో, తిండి చాలట్లేదా?’ అంది. కొస నోట్లోంచి తీసి, ‘రుచి చూస్తున్నా’ అన్నాడు. ‘జిగురు బాగా పడితే ఒక రుచి, పట్టకపోతే రెండు రుచులు.’ నవ్వుకుని ఊరుకుంది. పదేళ్ళయింది ఆ మాటకి. ఇవాళ ఈ గదిలో, గడియారం పదకొండూ ముప్పావు వైపు జరుగుతుంటే, ఆ మాట నీళ్ళలో మునిగిన పడవ పైకి తేలినట్టు నెమ్మదిగా, బురద కారుతూ, మొత్తంగా పైకి వచ్చింది. రుచి కాదు. చప్పుడు. పళ్ళతో చప్పుడు వింటున్నాడు. చెవుల్తో ఎందుకు వినడం లేదు? ముప్ఫయ్యేళ్ళు పడవల కార్ఖానాలో ఇనపరేకుల మీద సుత్తి పోట్లు, ఆ తర్వాత సాన రాయి. ఏదైనా చెబితే ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతాడు. ఆలోచించి నవ్వుతున్నాడనుకుంది. వంటింట్లోంచి పిలిస్తే పలకడు. మొండితనం అనుకుంది. ఎప్పుడూ మనిషి ఎదురుగానే నిలబడతాడు, మొహంలో మొహం పెట్టి మాట్లాడతాడు. ప్రేమ అనుకుంది. అదీ కావచ్చు. దేవుడా. పదేళ్ళుగా రేవు మొత్తం ఆడుతున్న కర్రలన్నీ ఆ మనిషి దవడ ఎముకతో విన్నవి. చెవి మూసుకుపోతే ఇంకో దారి వెతికి, పంటినుంచి దవడకి, దవడనుంచి పుర్రెకి, పుర్రెలో ఎక్కడో ఇంకా మెలకువగా ఉన్న ఒక చిన్న గదికి చప్పుణ్ణి తీసుకెళ్ళాడు. ఎవరూ నేర్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆమె బల్ల మీద కూర్చుండిపోయింది. చేతిలో ఉన్న పేరున్న వస్తువు మీద కలిగిన ఆశ్చర్యం దీని ముందు ఎంత?

మరి ఈసారి ఎందుకు వినబడలేదు? మూడు వారాల కిందట ముంగో డండీ పట్నం వెళ్ళి మిగిలిన నాలుగు పళ్ళూ పీకించుకుని కట్టుడు పళ్ళు పెట్టించుకొచ్చాడు. గోడ మీద వేలాడే కెప్టెను ఫోటోలో పక్కన నిలబడాలి కదా, అందుకు. గులాబిరంగు చిగుళ్ళు, పియానో మీటల వరసలా తెల్లటి పళ్ళు. రోజూ అద్దంలో నవ్వడం నేర్చుకున్నాడట. పొద్దున కర్ర ఇస్తూ అన్నాడు, ‘కొత్త పళ్ళతో రుచి చూశానే, బ్రహ్మాండం, ఒకటే రుచి.’ ఒకటే అవుతుంది మరి. ఆ పళ్ళకి కింద వేర్లు లేవు. మెత్తటి చిగురు మీద, ముద్దలాంటి మందు మీద తేలుతున్నాయి అవి. చెంచా ఎంత తట్టినా ఆ చప్పుడు దూదిలో పడ్డట్టే. చెల్లెలి పక్కన నవ్వాలని తన చెవి పీకించుకున్నాడు, ఆ సంగతి తనకే తెలియదు.

కళ్ళు మండాయి. తుడుచుకోలేదు, తుడుచుకుంటే చెంపలు ఎర్రబడతాయి, ఫోటోలో కనిపిస్తుంది. ఇప్పుడేం చెయ్యాలి? పేరున్న కర్ర తీసుకుని బయటికి నడిస్తే దెబ్బ బాగానే పడుతుంది, స్ట్రువన్ చెప్పాడు, తప్పు కొట్టడం కూడా కష్టం. కాని రేవు నుంచి మొదటిసారి కెప్టెనైన మనిషి మొదటి దెబ్బకే పైవీధికి ఎక్కేసిందంటారు, అననీ, అది పడొచ్చు. ముంగో మొహం చూడ్డం మాత్రం తన వల్ల కాదు. ఆ కొత్త పళ్ళమీద పెదవులు మూసుకోవడం చూసి తట్టుకోలేదు. ముంగో కర్రే తీసుకుని మెత్తగా, సగం ఊపులో కొడితే? తల నిలవచ్చు. బంతి ముసలివాళ్ళకి వంద గజాల ఇవతల పడుతుంది, నవ్వుతారు, నవ్వనీ. కాని తల నిలవకపోతే? తాడు వెంట నిలబడ్డ మొహాలు ఒక్కొక్కటీ కళ్ళముందు వచ్చాయి. నిలిచినా సరే, ఆ నిలవడమే అబద్ధం. షెడ్డులో రెండో కర్ర ఉంది, దాని తర్వాత మూడోది చేస్తాడు, నాలుగోది చేస్తాడు, ప్రతిదాన్నీ కొరికి చూసి ఒకటే రుచి అంటాడు. ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పడమంటే ఏమిటి? నీ పని అయిపోయింది అని చెప్పడం. మూసుకుపోయిన తలుపు పక్కన గోడకి కన్నం పెట్టుకుని లోపలికి చూస్తున్న మనిషితో, ఆ కన్నం కూడా మూసేశావు అని చెప్పడం. ఇవాళ కాదు, రేపు చెబుదాం. ఇవాళ ఏదో సాకు పెట్టి, మణికట్టు నొప్పనో, లోగీ గారి మాట కాదనలేకనో. ఆ సాకు నోట్లో పెట్టుకుని నమిలి చూసింది. రుచి బాగులేదు. కిటికీ అవతల ముసలివాళ్ళు ఎట్టకేలకి ఆగారు. అంత దూరంలో వాళ్ళ మొహాలు తెలియడం లేదు, కాని ఒకడు టోపీ తీసి ఇటువైపు ఊపాడు. ఇంత చిన్న మనుషులు, అంత పెద్ద ఆకాశం కింద, ఒక చేపల ఆడదాని బంతి అంతదాకా వస్తుందని నమ్మి నిలబడ్డారు.

తలుపు మీద రెండు దెబ్బలు. “టైమయిందండీ కెప్టెన్ గారూ,” అన్నాడు స్ట్రువన్. ఆ పిలుపు వినడం అదే మొదటిసారి. ఆమె లేచి రెండు కర్రలూ తీసుకుంది. పేరున్నది అతని చేతిలో పెట్టి, “నా వెనకాలే నడు, పిలిచినప్పుడు ఇద్దువుగాని,” అంది. రెండోది తనే పట్టుకుంది.

బయట ఎండ, గాలి, చప్పట్లు. బంతిని నిలబెట్టే చిన్న చెక్కమేకు మీద దాన్ని ఎవరు పెట్టాలో కోరుకునే హక్కు కెప్టెనుది. “ముంగో,” అంది. వినబడలేదు అతనికి, ఇప్పుడు ఆమెకి తెలుస్తోంది ఎంత వినబడదో. పక్కవాడు మోచేత్తో పొడిస్తే వచ్చాడు, పళ్ళన్నీ బయటపెట్టి, మెడకి పాత నీలం టై కట్టుకుని. మోకాళ్ళ మీద కూర్చుని మేకు గుచ్చి బంతి పెట్టాడు. ఆమె అతని ఎదురుగా వంగింది. అతని బొటనవేలు తీసుకుని కర్ర మెడ మీద ఆనించి, తలని రెండో చేత్తో పట్టుకుని మెల్లగా మెలితిప్పింది. కొంచెమే తిరిగింది. చాలు. ముంగో మొహం మీది నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారాయి. ఆమె కేసి చూశాడు. ఆమె తన పంటిని వేలితో తాకి చూపించింది. అతని చెయ్యి దానంతటది నోటిదాకా వెళ్ళి ఆగింది. జనానికి కనబడుతున్నది అన్నాచెల్లెళ్ళు బంతి దగ్గర ఏదో సర్దుకోవడం. ఎవరో ఈలవేశారు. చెప్పడం అయిపోయింది, ఇక అతని ఇష్టం. అతను ‘కొట్టు’ అంటే, మెత్తగా, చాలా మెత్తగా కొట్టేద్దామనుకుంది.

ముంగో మోకాళ్ళు పట్టుకుని లేచాడు. జనం వైపు తిరిగాడు.

“ఆగండయ్యా,” అన్నాడు, చెవుడున్నవాళ్ళ గొంతులాగే కొంచెం పెద్దగా. “ఈ కర్ర తల వదులుగా ఉంది. జిగురు పట్టలేదు. చూసుకోలేదు నేను. నాకు చెవులు పోయి పదేళ్ళయింది, మీకు తెలీదు, నేను చెప్పలేదు. పళ్ళతో వినేవాణ్ణి. ఈ కొత్తవి వినవు. నవ్వడానికి తప్ప దేనికీ పనికిరావు. నెట్టా, మీ ఆయన కర్ర వచ్చే శనివారానికి ఇవ్వను. అడగొద్దు.”

ఈ మైదానంలో పొదల చాటున నీ కాలు తగిలి బంతి కదిలితే చూసేవాడుండడు. నీకు నువ్వే జరిమానాగా ఒక దెబ్బ కలుపుకుని లెక్కల కార్డు మీద రాసుకోవాలి, పక్కవాణ్ణి పిలిచి చెప్పాలి. ప్రతివాడికీ తెలిసిన రూలే. కాని ఊరంతా కార్డు పట్టుకుని నిలబడ్డచోట ఇలా కలుపుకున్నవాణ్ణి ఆమె చూడలేదు. లోగీ గారు టోపీ చేతిలోకి తీసుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియనట్టు.

“రెండు దెబ్బలు జరిమానా!” అని అరిచింది నెట్టా.

ముంగో నెట్టా పెదాల కదలిక చదువుకుని, ఒక క్షణం ఆలస్యంగా నవ్వి, రెండు వేళ్ళెత్తి చూపించాడు. అప్పుడు నవ్వారందరూ, తాళ్ళకి రెండువైపులా, రేవూ పైవీధీ. ముంగో స్ట్రువన్ దగ్గరికి నడిచి తన చేత్తో పేరున్న కర్ర తీసుకుని, మెడ పట్టి ఒకసారి మెలితిప్పి చూసి, తల పంకించి తెచ్చి చెల్లెలికిచ్చాడు.

“దీంతో కొట్టు. చెయ్యి దాచుకోకు. వాళ్ళ టోపీల మీదుగా పోవాలి.”

ఆమె వదులు కర్రని గడ్డిలో పెట్టి నిలబడింది. పచ్చిక మీద కాళ్ళు దూరం చేసింది. మనసులో ఒక్క మాట లేదు, అరవై ఒక్క ఏళ్ళలో ఇంత ఖాళీగా ఎప్పుడూ లేదు. నడుం తిరిగింది, భుజం తిరిగింది, కర్ర వీపు వెనక్కి పోయి ఒక్క క్షణం ఆకాశంలో ఆగి దిగింది. చప్పుడొచ్చింది. ఆ చప్పుడు గదిలో గోటితో తట్టినప్పటిది కాదు, దాని తల్లి. జనం నోళ్ళు తెరిచారు. బంతి లేచి, ఇంకా లేచి, పసుపు పొదల మీదుగా తెల్లగా కనబడి, సముద్రపు వెలుగులో కలిసి మాయమై, మళ్ళీ ఎక్కడో కనబడింది, ముసలివాళ్ళు తలలెత్తి వెనక్కి వెనక్కి నడుస్తున్నారు, ఒకడు వెల్లకిలా పడ్డాడు, ఇంకా దిగలేదు. అంత దూరం తన ఒంట్లోంచే వెళ్ళిందని ఆమెకి నమ్మకం కుదరలేదు. చప్పట్ల మధ్య చెయ్యి మీద చెయ్యి పడింది.

“ఎలా మోగింది?” అన్నాడు ముంగో, ఆమె మొహంలో మొహం పెట్టి.

‘మామూలుగానే’ అనొచ్చు. ఆ రెండు వేళ్ళెత్తిన మనిషితో అలా అనడానికి నోరు రాలేదు.

“నీ కర్రల్లో ఒక్కటి కూడా ఇలా మోగలేదన్నా,” అంది, పెదాలు బాగా కదిలేలా.

ముంగో చాలాసేపు తల ఊపాడు. బంతి పోయిన వైపు చూశాడు. గడ్డిలో పడున్న తన కర్ర తీసి, తల చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాడు.

“సోమవారం షెడ్డుకి రా,” అన్నాడు. “ఇది విప్పి మళ్ళీ అతికిస్తా. నేను తడతాను, నువ్వు విను.”